1974 నాటి బర్బన్ సీసా: తెరవడం, వాసన పట్టడం, రుచి చూడటం

మొన్న సంక్రాంతికి మా బిడ్డ, అల్లుడు అమెరికా నుంచి వచ్చారు. అల్లుడు సూట్‌కేసు తెరిచి, రెండు స్వెట్టర్ల మధ్య చుట్టిన సీసా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "మామా, ఇది నాకంటే పెద్దది, జర పైలం" అన్నాడు. ఓల్డ్ గ్రాండ్‌డ్యాడ్ అనే బర్బన్ విస్కీ. తిరగేసి చూస్తే అడుగున గాజులో 74 అని అచ్చు. 1974లో నాకు పదేళ్లు. మా బాపు పొద్దున, సాయంత్రం మోకు భుజాన వేసుకొని తాళ్లకు పోతున్న రోజులవి.

నాది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి. ముప్పై ఏళ్లుగా బస్తా మూతి విప్పి, పిడికెడు కాయ తీసి, విరిచి వాసన చూసే పని. తేజ రకమా, చపాటానా, కోల్డ్ స్టోరేజీలో పడుకున్న సరుకా, నడుమ తాలు కలిపారా అన్నది కంటికంటే ముందు ముక్కే చెప్తుంది. బాపు పరకాల దిక్కు ఊళ్లో కల్లు గీసేవాడు. లొట్టి దించి మూతి దగ్గర ముఖం పెట్టి ఏ చెట్టుదో చెప్పేవాడు. ఇద్దరి బతుకూ ముక్కు మీదనే నడిచింది కాబట్టి ఆ సీసాను చూడగానే నాకు తాగాలని కాదు, దాని లోపల ఏముందో తెలుసుకోవాలనిపించింది.

ఇది రాయడానికి కారణం ఉంది. హనుమకొండలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు లెక్కలేదు. వాళ్లు తెచ్చిన మంచి సీసాలు బీరువాల్లో చీరల వెనక ఏళ్ల తరబడి ఉంటున్నాయి. లేదంటే ఏదో పెళ్లి ముందు రోజు రాత్రి స్టీలు గ్లాసుల్లో, సోడా, ఐసు కలిసి అరగంటలో అయిపోతున్నాయి. నా సంగతి తెలిశాక నలుగురైదుగురు ఫోన్ చేసి, మా ఇంట్లో కూడా ఇట్లాంటిదే ఉంది, ఎట్లా తాగాలె అని అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవాళ్ల కోసమే ఇది. బీపీకో షుగరుకో మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

ముందు అసలు అదేమిటో

బర్బన్ అంటే మక్కల విస్కీ. అమెరికా చట్టం ప్రకారం నానబెట్టే గింజల్లో కనీసం 51 శాతం మక్కలు ఉండాలి. మిగతాది రై అనే గింజ గానీ గోధుమ గానీ, కొంత మొలకెత్తిన బార్లీ. దించిన సారాను కొత్త ఓక్ పీపాల్లోనే పోయాలి, ఆ పీపాల లోపలి గోడ బొగ్గయ్యేలా కాల్చి ఉండాలి. ఒకసారి బర్బన్ పోసిన పీపాను రెండోసారి బర్బన్‌కు వాడటానికి లేదు. అందుకే ఆ పాత పీపాలు ఓడలెక్కి స్కాట్లాండ్ పోతాయి, స్కాచ్ అందులో పండుతుంది. అమెరికాలో ఎక్కడ చేసినా బర్బనే, కానీ అసలు పేరు కెంటకీ రాష్ట్రానిది. సున్నపురాయి పొరల్లోంచి వచ్చే అక్కడి నీళ్లలో ఇనుము ఉండదని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు.

మన దగ్గర మక్కలు గటకకు, గారెలకు, ఎక్కువగా కోళ్ల దాణాకు పోతాయి. అదే గింజ యాభై ఏళ్ల కింద సముద్రం అవతల ఏమైందో ఒక గ్లాసులో వాసన చూడొచ్చు అనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. విస్కీ వయసు పీపాలో ఉన్నంత కాలమే పెరుగుతుంది. సీసాలో పోశాక ఆగిపోతుంది. నాలుగేళ్లు పీపాలో ఉండి 1974లో సీసాకెక్కిన విస్కీ ఇప్పటికీ నాలుగేళ్లదే. మరి పాత సీసాకు ఇంత విలువ ఎందుకంటే, అప్పటి పద్ధతి వేరు. పీపాలో పోసేటప్పుడు సారా బలం 110 ప్రూఫ్, అంటే 55 శాతం దాటకూడదని ఒకప్పటి నియమం. 1962లో దాన్ని 125 ప్రూఫ్ దాకా పెంచారు, కానీ అందరూ ఒక్కసారిగా మారలేదు. తక్కువ బలంతో పీపాలోకి పోతే సీసాలోకి వచ్చేటప్పుడు కలిపే నీళ్లు తక్కువ, చెక్క సారం ఎక్కువ మిగులుతుంది. దీనికి తోడు 1970లలో అమెరికా కుర్రాళ్లు వోడ్కా వైపు మళ్లి బర్బన్ అమ్మకాలు పడిపోయాయి. గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. లేబుల్ మీద చిన్న వయసు రాసి ఉన్నా లోపల అంతకంటే ముదురు విస్కీ పోసిన సీసాలు ఆ కాలంలోనే వచ్చాయని సేకరించేవాళ్లు చెప్తారు. గిరాకీ లేనప్పుడు కోల్డ్ స్టోరేజీలో మిగిలిపోయే సరుకు నాకు తెలియనిది కాదు. కాకపోతే మిర్చి అక్కడ రంగు తగ్గుతుంది, వీళ్లది పీపాలో రంగెక్కింది.

సీసాను చదవడం

తెరవడానికి తొందరేమీ లేదు. ఒక సాయంత్రం పూర్తిగా సీసా చూడటానికే పెట్టుకోండి. మంచి లైటు, పెద్దవాళ్లయితే కళ్లజోడు, దగ్గర ఒక నోట్‌బుక్కు.

మొదట కొలత చూడండి. లేబుల్ మీదో గాజు మీదో 4/5 క్వార్ట్ అని ఉంటే అది 1980 కంటే ముందుది. ఆ కొలత మన లెక్కలో 757 మి.లీ. ఆ తర్వాత వచ్చినవి 750 మి.లీ. మా సీసా మీద 4/5 క్వార్ట్ అనే ఉంది. తర్వాత మూత మీద నుంచి మెడ కిందికి అంటించిన కాగితం పట్టీ. అది ప్రభుత్వ పన్ను ముద్ర, 1985 దాకా ఉండేది. ఆకుపచ్చ పట్టీ అయితే బాటిల్డ్ ఇన్ బాండ్ సరుకు, ఎరుపు అయితే మామూలుది. బాటిల్డ్ ఇన్ బాండ్ అనేది 1897 నాటి చట్టం. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో దించి, ప్రభుత్వ తాళం కింద ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు పెట్టి, సరిగ్గా 100 ప్రూఫ్‌లో, అంటే 50 శాతం బలంతో సీసాకెక్కించాలి. అప్పట్లో విస్కీలో పొగాకు నీళ్లు, రంగులు కలిపి అమ్మే కల్తీని ఆపడానికి తెచ్చిన చట్టమది. గర్భిణులు తాగరాదన్న ప్రభుత్వ హెచ్చరిక వెనక లేబుల్ మీద ఉంటే మాత్రం అది 1989 నవంబరు తర్వాతిదే. ఎవరైనా అట్లాంటి దాన్ని 1970ల నాటిదని అమ్మజూపితే నమ్మవద్దు.

అడుగున ఉండే రెండంకెలు మామూలుగా గాజు పోసిన సంవత్సరం. విస్కీ ఆ ఏడో, ఆ మరుసటి ఏడో అందులోకి చేరి ఉంటుంది.

ఇక మట్టం. సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే విస్కీ ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది. మెడ మొదట్లోకి ఉంటే చాలా మంచిది. మెడ కింది భుజం దాకా దిగితే మూతలోంచి గాలి ఆడిందన్నమాట, వాసన పలచబడి ఉండొచ్చు. అంతకంటే దిగితే పైసలు పెట్టి కొనవద్దు. అట్లాగే పట్టీ చిరిగి మళ్లీ అతికించినట్టు ఉన్నా, విస్కీ తేటగా కాకుండా మబ్బుగా కనిపించినా అనుమానించాలి. ఖరీదైన సీసాల ఖాళీలు కొని, చవక సరుకు నింపి అమ్మేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

పింగాణీ బొమ్మల ఆకారంలో, పక్షుల ఆకారంలో వచ్చిన పాత డికాంటర్లు చూడటానికి ముద్దుగా ఉంటాయి. వాటి పూతలో సీసం, అదే లెడ్, ఉండొచ్చు. అది దశాబ్దాలపాటు విస్కీలోకి దిగుతుంది. లెడ్ క్రిస్టల్ డికాంటర్లదీ అదే కథ. వాటిలోది ఎంత అరుదైనదైనా నోట పెట్టకండి. షోకేసులో పెట్టుకోండి.

తేవడం సంగతి కూడా ఒక ముక్క. మా అల్లుడు ఉండేది సిన్సినాటిలో. నది దాటితే కెంటకీ. పాత సీసాలను ఇళ్లవాళ్ల దగ్గర కొని మళ్లీ అమ్మడానికి లైసెన్సు దుకాణాలను ఒప్పుకుంటూ ఆ రాష్ట్రం 2017లో చేసిన చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. అట్లాంటి దుకాణంలో బిల్లుతో కొన్నాడు. మన దేశంలోకి ఒక ప్రయాణికుడు డ్యూటీ లేకుండా రెండు లీటర్లు తేవచ్చు. విమానం అడుగున పోయే సామానులోనే పెట్టాలి, సీల్ తీసి ఉండకూడదు.

మూడు నెలలు ఆగినా సరే, ఎండలో పెట్టవద్దు

సీసాను నిలబెట్టే ఉంచాలి. వైన్ సీసాను పడుకోబెడతారని విని నేను ఇంతకుముందు ఒక బర్బన్ సీసాను బీరువాలో అడ్డంగా పెట్టాను. ఎనిమిది నెలల తర్వాత చూస్తే గుడ్డకు గోధుమ మరక, బీరువా నిండా ఘాటు. బలమైన సారా బెండు బిరడాను తినేసింది. సగం కారిపోయింది, మిగతా సగంలో తడిసిన అట్టపెట్టె వాసన. ఆ సీసా తెచ్చినాయన ఇప్పుడు లేడు. నాకు ఆ నష్టం ఇప్పటికీ కలుక్కుమంటుంది.

మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు దాటుతుంది. డాబా పైగది, వంటింటి అటక, కిటికీ పక్కన షోకేసు, ఈ మూడూ వద్దు. నడిమింట్లో, ఎండ తగలని బీరువా కింది అరలో, అట్టపెట్టెలో పెట్టండి. ఫ్రిజ్ అక్కర్లేదు. కలరా ఉండలు ఉన్న బీరువా అసలే వద్దు.

ఆ రోజు ముక్కును కాపాడుకోవడం

సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మార్కెట్ నుంచి వచ్చిన రోజు నేను సీసా ముట్టను. జెండా పాట నుంచి కాంటా దాకా మిర్చి కోరులో నిలబడ్డవాడి గొంతు, ముక్కు రెండు రోజులదాకా మామూలు కావు. మీకు మిర్చి యార్డు లేకపోవచ్చు, కానీ జలుబు ఉంటుంది, తంబాకు ఉంటుంది, జర్దా పాన్ ఉంటుంది. వాటిలో ఏదున్నా వాయిదా వేసుకోండి. యాభై ఏళ్లు ఆగిన సీసా ఇంకో వారం ఆగుతుంది.

మేము కనుమ మరునాడు పెట్టుకున్నాం. జనవరి సాయంత్రం, గదిలో చల్లగా హాయిగా ఉంది. మా ఇంటామెను ముందే బతిమాలుకున్నాను, ఆ పూట మాంసం పొయ్యి మీద పెట్టవద్దని, దేవుడి దగ్గర అగరుబత్తి తలుపు వేసి వెలిగించమని. అల్లుడిని సెంటు కొట్టుకోవద్దన్నాను. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాం. ఖాళీ కడుపుతో కూర్చోవద్దు, అట్లాగని పచ్చడి, ఉల్లిగడ్డ, వెల్లుల్లి కారం తిని కూర్చోవద్దు. పక్కన పెట్టుకోవడానికి ఉప్పు వేయని మక్క పేలాలు, మంచినీళ్లు. సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాలోనే ఉన్నాయి, వాటిని చివరికి తీద్దామని అందరం అనుకున్నాం. అందులోని వాము వాసన అంతా కప్పేస్తుంది.

గ్లాసు విషయంలో నేను పట్టుబడతాను. స్టీలు వద్దు, ప్లాస్టిక్ వద్దు. అడుగు బొద్దుగా ఉండి, మూతి కాస్త దగ్గరగా ముడుచుకున్న గాజు గ్లాసు కావాలి. గ్లెన్‌కేర్న్ అని అమ్ముతారు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేదంటే చిన్న వైన్ గ్లాసు. లొట్టి ఎందుకు అట్లా ఉంటుందో చిన్నప్పుడు నాకు తెలియదు కానీ, కడుపు పెద్దది, మూతి చిన్నది, వాసన లోపలే తిరుగుతుంది. అదే కల్లు తాటాకు రేకలో పోసుకుంటే వాసన గాలికి పోతుంది, రుచి మాత్రం నోటికి నేరుగా వస్తుంది. గ్లాసు సబ్బుతో తోమితే వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, గాలికి ఆరనివ్వండి. తువ్వాలుతో తుడిస్తే తువ్వాలు వాసనే.

తెరవడం

మాది మరమూత. తిప్పితే చిన్నగా టక్‌మని పట్టీ తెగింది. ఆ పట్టీని కోసి పారేయకుండా జాగ్రత్తగా విప్పి నోట్‌బుక్కులో అంటించాను. బెండు బిరడా అయితే ఒక్కసారిగా లాగకండి. అది ఎండి విరుగుతుంది. సీసాను ఒక్క నిమిషం వంచి బిరడాను తడిపి, నిలబెట్టి, మెల్లగా తిప్పుతూ తీయాలి. విరిగి ముక్కలు లోపల పడ్డా కంగారేమీ లేదు, కాఫీ ఫిల్టరు కాగితంలోంచి వడపోసుకుంటే సరి. పాత బిరడాను తిరిగి పెట్టకుండా కొత్తది ఒకటి దగ్గర ఉంచుకోండి.

ఒక్కొక్కరికి 20 మి.లీ. పోయండి. కొలవడానికి దగ్గు మందు సీసా మీద వచ్చే కొలత మూత కడిగి వాడుకోవచ్చు. పోశాక ఇరవై నిమిషాలు ముట్టవద్దు. యాభై ఏళ్లు మూసిన సీసాలో మొదట కొంచెం ముక్కవాసన, పాత పెట్టె తెరిచినట్టు వస్తుంది. చాలావరకు గాలి తగిలితే పోతుంది. ఈ ఇరవై నిమిషాల్లోనే చాలామంది ఓపిక అయిపోతుంది. మా వియ్యంకుడు మూడుసార్లు గ్లాసు అందుకున్నాడు, మూడుసార్లు వద్దు బావా అన్నాను.

రంగు చూడండి, కానీ దాని మీద ఎక్కువ సేపు పెట్టకండి. బర్బన్‌లో రంగు కలపడానికి చట్టం ఒప్పదు, ఆ రంగంతా చెక్కదే. మాది రాగి బిందె కొత్తగా తోమినప్పటి రంగులో ఉంది.

వాసన

అసలు పని ఇక్కడ. దీనికి అరగంట ఇవ్వండి.

గ్లాసును ముందు గదవ దగ్గర పట్టుకోండి. ముక్కులో పెట్టకండి. నోరు కొద్దిగా తెరిచి, ముక్కుతో, నోటితో కలిపి మెల్లగా గాలి పీల్చండి. నోరు మూసి గట్టిగా పీలిస్తే సారా ఘాటు ముక్కును మొద్దుబారుస్తుంది, తర్వాత పది నిమిషాలు ఏమీ తెలియదు. బాపు నాకు లొట్టి వాసన చూపించిన రోజు ఇదే చెప్పాడు. "గుంజకు బిడ్డా. ఊకే దగ్గర నిలబడు, అదే వస్తది." ఆయనకు కెంటకీ ఎక్కడుందో తెలియదు. పొద్దాటి కల్లుకు, పరుపుతాటి కల్లుకు తేడా కళ్లు మూసుకొని చెప్పేవాడు. ఆ మాట ప్రకారమే గ్లాసు దగ్గర ఊరికే ఉన్నాను.

మొదట గదవ దగ్గర వచ్చింది బెల్లం. మామూలు బెల్లం కాదు, అరిసెల పాకం ముదిరి అంచులు కాస్త మాడబోయే క్షణంలో వచ్చే వాసన. గ్లాసు పెదవి దగ్గరికి తెచ్చాక ఎండు కొబ్బరి. తర్వాత ఒక ముక్కు రంధ్రం దగ్గరికి, ఇంకోదాని దగ్గరికి మార్చి చూశాను. ఎడమ వైపు లవంగం, కుడివైపు అదే కొంచెం తీపిగా. వేలితో గ్లాసు మూతి మూసి, పక్కకు చూసి, చేతి మీది చర్మం వాసన ఒకసారి పీల్చి మళ్లీ తిరిగి వచ్చాను. మన చర్మం వాసన ముక్కుకు అలవాటే కాబట్టి దాన్ని చూస్తే ముక్కు కుదుటపడుతుంది. మిర్చి దగ్గర కూడా నేను ఇదే చేస్తాను. రెండోసారి వచ్చినప్పుడు మక్క పేలాల వాసన స్పష్టంగా ఉంది. దాని వెనక కొత్త తోలు చెప్పు, మా ఊరి బడిలో చెక్క బీరువా తెరిస్తే వచ్చే పాత కాగితం.

ఇవి నా ఊహలు కావు, ఒక్కోదానికి కారణం ఉంది. ఓక్ చెక్కలో లిగ్నిన్ అనే పదార్థం కాలితే వనిల్లిన్ వస్తుంది, ఐస్‌క్రీములో వచ్చే ఆ తీపి వాసన అదే. చెక్కలోని చక్కెరలు కాలితే పాకం వాసన. కొబ్బరి వాసన ఓక్ లాక్టోన్‌ది. లవంగంలో ఉండే యూజినాల్ ఓక్‌లోనూ ఉంది. మిరియపు ఘాటు లాంటిది రై గింజ నుంచి. ఓల్డ్ గ్రాండ్‌డ్యాడ్‌లో రై పాలు మామూలు బర్బన్‌లకంటే ఎక్కువ. రైకి బదులు గోధుమ వేసేవాటిలో ఆ ఘాటు ఉండదు, మెత్తగా ఉంటాయి. లూయీవిల్‌లో 1935లో తెరిచిన స్టిట్జెల్ వెల్లర్ డిస్టిలరీ సరుకు అట్లాంటిది, పాత సీసాల వాళ్లు దాని పేరు చెప్తే ఇప్పటికీ లేచి నిలబడతారు.

పుస్తకాల్లో మేపుల్ సిరప్ అని, చెర్రీ అని, టాఫీ అని రాస్తారు. నేను వాటిని ఎప్పుడూ తిని పెరగలేదు. తెలియని దాని పేరు వెతుక్కుంటూ కూర్చుంటే ముందున్నది పోతుంది. మీ అమ్మ పెట్టె, మీ ఊరి గానుగ, మేడారంలో గద్దెల దగ్గర ఎండకు కరిగే బంగారం బెల్లం, బండి కందెన, ఏది గుర్తుకొస్తే అదే రాయండి. మా బిడ్డ తాగదు, వాసన మాత్రం చూసి, "నాయనమ్మ చెక్క పోపుల డబ్బా" అంది. ఆ సాయంత్రం మేమంతా చెప్పిన వాటిలో అదే అన్నిటికంటే సరైనది. నేను అరగంట వెతికిన లవంగం, దాల్చినచెక్క, పాత చెక్క, మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

నోటిలో

మొదటి గుటక నాలుగు చుక్కలకు మించవద్దు. అది రుచి కోసం కాదు, నాలుకకు కబురు పంపడం. మాది 50 శాతం బలం కాబట్టి మంట ఉంటుంది. మింగి, ఒక నిమిషం ఆగండి. రెండో గుటక అర చెంచాడు. దాన్ని నాలుక మీద, చెంపల లోపల, అంగిలి కింద, అన్నం నమిలినట్టు నమలండి. పేరున్న బర్బన్ తయారీదారు జిమ్ బీమ్ మనవడు బుకర్ నో ఇట్లా నమిలి చూపించేవాడట, కెంటకీ నములుడు అని పేరే పడింది. పదిహేను అంకెలు లెక్కపెట్టి మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అప్పుడు వచ్చే వాసన గ్లాసులోదానికి వేరు. నాకు అప్పుడు వచ్చింది వేయించిన పల్లీల పొట్టు, ఆ తర్వాత నల్లగా, చేదుగా, మంచిగా, కాల్చిన మక్క కంకి మీద మాడిన గింజ.

మింగాక ఎంతసేపు నిలుస్తుందో గడియారం చూడండి. మాది రెండు నిమిషాలు దాటింది. మంట గొంతులో కాకుండా ఛాతీలోకి మెత్తగా దిగింది.

సగం అయ్యాక నీళ్లు. ఇది తప్పనిసరిగా చేయండి, విస్కీలో నీళ్లు పోయడం తప్పు అన్నవాళ్ల మాట వినకండి. మెడికల్ షాపులో దొరికే డ్రాపరుతో మూడు చుక్కలు వేసి, గ్లాసు ఒకసారి తిప్పి మళ్లీ వాసన చూడండి. నీళ్లు చేరితే వాసన అణువులు పైపొరకు చేరతాయని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. నాకు ఆ మూడు చుక్కలతో కొబ్బరి వెనక్కి పోయి బత్తాయి తొక్క ముందుకొచ్చింది, అంతకుముందు అది లేనే లేదు. ఇంకా వేయాలనిపిస్తే మెల్లగా వేయండి. 20 మి.లీ. విస్కీకి 5 మి.లీ. నీళ్లు కలిస్తే బలం దాదాపు 40 శాతానికి దిగుతుంది. అంతకు మించి ఈ సీసాకు నేను వేయను. బోరు నీళ్లు వద్దు, ఉప్పదనం పట్టేస్తుంది. ఐసు, సోడా, కోలా ఈ మొదటి గ్లాసుకు వద్దేవద్దు. ఐసు వేస్తే వాసన ముడుచుకుపోతుంది.

అల్లుడు అదే పేరుతో ఇప్పుడు దొరికే 100 ప్రూఫ్ సీసా ఒకటి కూడా తెచ్చాడు. 1987లో ఈ బ్రాండు జిమ్ బీమ్ వాళ్ల చేతికి వెళ్లింది, అంతకుముందు నేషనల్ డిస్టిలర్స్ అనే కంపెనీది. రెండూ ఒకేలాంటి గ్లాసుల్లో పోసి, అడుగున చీటీలు అంటించి, వేరే గదిలోంచి మార్చి తెమ్మన్నాం. మీ దగ్గర కొత్తది ఉంటే ఈ పరీక్ష తప్పకుండా పెట్టుకోండి, పాతది అన్న మాటే మన నాలుకను మోసం చేయగలదు. కొత్తది కూడా మంచి విస్కీయే, వేయించిన పల్లీ, మిరియం సూటిగా ఉన్నాయి. పాతదానిలో అవే ఉన్నా నూనె పట్టినట్టు నాలుక మీద మందంగా పరుచుకుంది. నలుగురిలో ముగ్గురం గుర్తుపట్టాం. వియ్యంకుడు కొత్తదే బాగుందన్నాడు. ఆయన నోటికి అదే బాగుంది, అది తప్పు కాదు.

ఆ రోజుకు ఒక్కొక్కరికి 40 మి.లీ. దగ్గర ఆపేశాం. అంతకు మించితే నాలుక పనిచేయదు, తాగడమే మిగులుతుంది. వియ్యంకుడి బండి తాళం మా దగ్గరే ఉంచుకొని, రాత్రి మా ఇంట్లోనే పడుకోబెట్టాం. గ్లాసులు కడగకుండా మూత పెట్టి ఉంచమని మీకు కూడా చెప్తున్నాను. పొద్దున లేచి ఎండిన గ్లాసులో ముక్కు పెట్టండి, సారా పోయి చెక్క ఒక్కటే మిగులుతుంది. మాకు వచ్చింది తడి టేకు పొట్టు, దాని కింద చల్లారిన బెల్లం.

తెరిచిన సీసా సగానికి పైగా ఉంటే అట్లాగే బిగించి ఉంచొచ్చు. సగం దిగితే లోపలి గాలి ఎక్కువై మెల్లగా చప్పబడుతుంది, కాబట్టి చిన్న గాజు సీసాల్లోకి మెడ దాకా నింపి మార్చుకోండి. నేను 100 మి.లీ.ల మందుల సీసాలు కొత్తవి కొని, నీళ్లలో మరిగించి, ఆరబెట్టి నింపాను. ఐదు వచ్చాయి. తెల్ల కాగితం మీద తేదీ రాసి అంటించాను. ఒకటి అల్లుడు వెంట పట్టుకుపోయాడు, ఒకటి వియ్యంకుడికి ఇచ్చాను. ఒకదాని మీద మాత్రం తేదీ కింద "పోపుల డబ్బా" అని మా బిడ్డ తన చేత్తో రాసింది.